బంకత్తయ్య మోకాలు, దిండు మొక్క

బంకత్తయ్యకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. నెలకొకసారి జీతాల గుమాస్తా పిలిచినప్పుడు తప్ప అది ఎవరి నోటా వినబడేది కాదు. ఆమె చేతులకు ఎప్పుడూ బంక అంటుకుని ఉండేది కనుక మ్యూజియంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె బంకత్తయ్యే. ఆ బంక కూడా సామాన్యమైనది కాదు. కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన మర్యాదకు ఆమెతో చెయ్యి కలిపి, మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా ఆమె బల్ల పక్కనే నిలబడి, ఫైళ్ళ మీద ఎడమచేత్తో సంతకాలు పెట్టాడట. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు కూడా ఆ రోజు నుంచి ఆమెను దూరం నుంచే పలకరించడం మొదలుపెట్టారు.

అది మొక్కల మ్యూజియం. ఎక్కడెక్కడి అడవుల నుంచో పండితులు తెచ్చిన మొక్కలు పాత పేపర్ల మధ్య నలిగి, ఎండి, పేకముక్కల్లా పలచబడి ఆమె బల్ల మీదకు వచ్చేవి. వాటిని తెల్లటి దళసరి అట్టల మీద అతికించడం ఆమె పని. కుంచెతో బంక పూసి, ఆకును విప్పి, కాడ మీద సన్నని కాగితం పట్టీ వేసి, పైన ఇసుక సంచి బరువు పెట్టి ఆరనిచ్చేది. అట్ట కింది మూల ఒక చీటీ ఉండేది. సేకరించినవారు ఫలానా, గుర్తించినవారు ఫలానా అని అందులో అచ్చువేసేవారు. అతికించినవారి ప్రస్తావన ఉండేది కాదు.

“నా పేరు కూడా వేస్తే మీ సిరా అయిపోతుందా సారూ?” అని ఆమె మొక్కలను గుర్తించే ప్రొఫెసరుని ఎన్నోసార్లు అడిగింది.

“పెళ్ళి ఫొటోలో ఫొటోగ్రాఫరు కనబడతాడా అత్తయ్యా?” అనేవాడు ఆయన. మనిషి మంచివాడే. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. కళ్ళజోడు నెత్తిమీదే పెట్టుకుని గదంతా వెతుక్కునే రకం.

ఆమె ఉద్యోగం చివరి ఏడాదిలో పడ్డాక, మ్యూజియంలో కొత్త హాలు కట్టారు. తలుపు తీయగానే ఎదురుగా గోడ మీద దిండు మొక్క అట్ట ఉండాలని పైవాళ్ళు నిర్ణయించారు. తీరా బీరువా తీసి చూస్తే పాత అట్టలన్నీ పురుగులు తినేసి ఉన్నాయి. దిండు మొక్క దొరికేది ఎక్కడో దూరాన, వాన మొహం చూడని కొండల ఎడారిలో. ఇన్నేళ్ళూ అక్కడి నుంచి ఎండుగడ్డి రంగులో, బిస్కెట్టులా పెళుసుగా ఉన్న ముక్కలు వచ్చేవి. గతుకుల రోడ్డు మీద సగం పొడైపోయేవి. మూల విరిగిన ముక్కను బంకత్తయ్య ఏనాడూ అట్ట ఎక్కించలేదు. “నాలుగు మూలలూ లేని ముక్కని నేను ముట్టుకోను, ఇంకోటి తెమ్మనండి” అని తిప్పి పంపేది. వాళ్ళు మళ్ళీ వెళ్ళి తెచ్చేవారు. కోస్తే మళ్ళీ మొలిచే గడ్డిలాంటిదేదో అని ఆమె అనుకునేది.

“ఈసారి నన్నే తీసుకెళ్ళండి” అంది ఆమె. “కోసిన చోటే అట్ట మీద అతికించేస్తాను, పొడి కాదు. కానీ చీటీ మీద నా పేరు పడాలి. ఇంట్లో పెట్టిన పేరు, బంకత్తయ్య కాదు.”

ప్రొఫెసరు నెత్తిమీది కళ్ళజోడును కిందకు దించి ఆమెను ఎగాదిగా చూశాడు. వేరే దారి లేదు. “సరే, పడుతుంది” అన్నాడు.

ఇంట్లో గండం వేరే ఉంది. ఆమె భర్త బస్సు కండక్టరుగా రిటైరయినా, ఆ ఉద్యోగం ఆయన నోటిలో ఇంకా నడుస్తూనే ఉంది.

“మేడ మెట్లు ఎక్కడానికి మూడు స్టాపులు ఆగుతావు, నీకు కొండలెందుకు?” అన్నాడు.

“జీపు వెళ్తుందండీ.”

“జీపు ఆగాక?”

“నడుస్తాను.”

“ఆ మోకాలితోనా? అది పట్టేసిందంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవవు. అక్కడ నిన్ను లేపడానికి ఎవరున్నారే?”

“లేపకపోతే అక్కడే కూర్చుంటాను. ఇన్నాళ్ళూ శవాలకి అలంకారం చేశానండీ. ఒక్కసారి బతికున్నదాన్ని చూసొస్తాను. నా పేరు గోడ ఎక్కుతుంది కూడా.”

ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఆయనకు పెళ్ళయిన వారంలోనే తెలుసు. పెట్టెలో మోకాలి పట్టీ, తైలం సీసా, ఉన్ని శాలువా ఆయనే సర్దాడు. జీపు కదులుతుంటే అలవాటు చొప్పున “రైట్ రైట్” అని, తర్వాత చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

ప్రొఫెసరు, డ్రైవరు, బంకత్తయ్య, ఈ ముగ్గురే బయలుదేరారు. ఆ ఎడారిలో చెట్టన్నది లేదు. నీడ కావాలంటే ఎవరి నీడలో వాళ్ళే కూర్చోవాలి. మేఘాలు చుట్టపుచూపుగా వచ్చి, గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా వెళ్ళిపోతాయి. ఇక గాలి సంగతి చెప్పనక్కర్లేదు. డ్రైవరు ఎడమవైపు మీసం కూడా కుడిచెంప మీదకు చేరి, తిరుగు ప్రయాణంలో గానీ తన స్థానానికి రాలేదు. అంత ఎత్తులో అడుగడుక్కీ ఊపిరి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది.

అలాంటి చోట కూడా మొక్కలు బతుకుతున్నాయి. ఒకటి ఒళ్ళంతా తెల్లటి నూగు కప్పుకుని, దగ్గు పట్టిన ముసలాయన మఫ్లరు చుట్టుకున్నట్టు, మొగ్గను లోపల దాచుకుని కూర్చుంది. బంకత్తయ్య దాని ముందు వంగింది.

“నిన్ను నేనెరుగుదును తల్లీ” అంది. “నా బల్ల మీదకి వచ్చేసరికి నీ కోటు ఎవరో విప్పేసేవారు.”

ఇంకొకటి గులకరాళ్ళలో గులకరాయిలా నక్కి ఉంది. డ్రైవరు దాని మీద మంచినీళ్ళ సీసా పెట్టబోయి, రాయికి పువ్వు పూసిందేమిటని ఉలిక్కిపడ్డాడు. ఒక రాళ్ళకుప్పలోంచి ఎండిపోయిన నిలువెత్తు పూలకాడ లేచి ఉంది. అది బతుకంతా ముడుచుకుని కూర్చుని, ఒక్కసారి మాత్రం పూసి, ఆ పూతతోనే చచ్చిపోయే రకమని ప్రొఫెసరు చెప్పాడు.

“ఒక్కసారైనా పూసింది కదండీ” అంది బంకత్తయ్య.

జీపు ఆగిన చోటు నుంచి వాలు ఎక్కాలి. ఆమె మోకాలి పట్టీ బిగించుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ ఎక్కింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా పచ్చటి బండ ఒకటి కనబడింది. పడుకున్న గేదె అంత ఉంది, నున్నగా, దిండులా గుండ్రంగా.

“ఎంత పెద్ద బండో, పాచి పట్టేసింది” అంది ఆమె.

“బండ కాదత్తయ్యా, అదే దిండు మొక్క” అన్నాడు ప్రొఫెసరు. “ముట్టుకోండి.”

ముట్టుకుంది. రాయిలా గట్టిగా ఉంది గానీ రాయిలా చల్లగా లేదు. దగ్గరగా చూస్తే వేలకు వేల చిట్టి ఆకులు, జాతర జనంలా, గాలి దూరే సందు లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి.

“ఇదంతా ఒక్కటేనా?”

“ఒక్కటే. ఏడాదికి గోరు మందం కూడా పెరగదు. మన తాతల తాతలు పుట్టేనాటికే ఇది పెద్ద మనిషి.”

ఆమె ఒక చెయ్యి దాని మీద ఉంచి చుట్టూ తిరిగింది. అవతలి వైపు చేతికి పల్లం తగిలింది. చదరంగా, నాలుగు మూలలూ తీరుగా కోసిన గుంట. దాని పక్కన ఇంకోటి, దాని కింద మరోటి. పచ్చదనం లేదు, లోపలంతా ఎండిన కట్టెరంగు. ఆమె జేనతో కొలవలేదు. ఆ కొలత ఆమె చేతులకు నిద్రలో కూడా తెలుసు, అది మ్యూజియం అట్ట కొలత. గుంటలు కిటికీల్లా వరసగా ఉన్నాయి. మూల విరిగిందని ఆమె తిప్పి పంపిన ప్రతిసారీ ఇక్కడ మరో కిటికీ తెరుచుకుందన్నమాట.

ప్రొఫెసరు సంచిలోంచి రంపం తీశాడు. ఇంకా కోతపడని వైపు చూసి, సుద్దముక్కతో గీత గీయబోయాడు.

“ఆ రంపం ఒకసారి ఇటివ్వండి సారూ, పదునుందో లేదో చూస్తాను” అంది బంకత్తయ్య.

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సుద్దగీత పడాల్సిన చోట మొక్కకు వీపు ఆనించి కూర్చుంది.

“ఇక పదండి. కోసేది లేదు.”

“అదేమిటత్తయ్యా? గోడ ఖాళీగా ఉంటే నన్ను బతకనిస్తారా? ఒక్క ముక్కకి ఇది చచ్చిపోదు.”

“ప్రతిసారీ ఒక్క ముక్కే అనుకున్నాం. వెనక్కి వెళ్ళి చూడండి ఎన్ని ‘ఒక్క ముక్క’లున్నాయో.”

“జనం చూడొద్దా? తెలుసుకోవద్దా?”

“ముప్పై ఏళ్ళు చేత్తో పట్టుకున్న నాకే ఇది గేదంత ఉంటుందని తెలియలేదు. గోడ మీద చూసి వాళ్ళకేం తెలుస్తుంది? ఫొటో తీయండి. ఎంత పెద్దదో తెలియడానికి నేను పక్కన కూర్చుంటాను.”

“మరి చీటీ మీద పేరు? అట్ట లేకపోతే చీటీ ఉండదు.”

ఆమె ఒళ్ళోని రంపం పళ్ళను బొటనవేలితో తడిమింది. గాలి ఆమె కొంగును డ్రైవరు మొహం మీదకు విసిరింది. అతను దాన్ని మర్యాదగా మడిచి మళ్ళీ ఆమె భుజం మీద వేశాడు.

“వద్దు” అంది చివరికి. “ఈ గుంట పక్కన రాయించుకునేంత ముద్దొచ్చే పేరేం కాదు నాది.”

ప్రొఫెసరుకి ఓపిక నశించింది. “లేవండి అత్తయ్యా, పొద్దు వాలుతోంది.”

లేవబోయింది. మోకాలు పట్టేసింది. ఎంత ప్రయత్నించినా కాలు ఆమె మాట వినలేదు. ఆమె మొహంలో మాత్రం నొప్పితో పాటు ఒక నవ్వు కూడా మెల్లగా పాకింది.

“సారూ, లేవమన్నా లేవలేను. లేవగలిగినా లేవను. ఏది నిజమో మీరే తేల్చుకోండి.”

డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ అతని భుజాలు కదులుతున్నాయి. ప్రొఫెసరు తైలం రాయించాడు, బతిమాలాడు, పింఛను ఆపిస్తానని బెదిరించాడు, బెదిరించినందుకు తనే నొచ్చుకున్నాడు. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. చలి మొదలైంది. మనిషిని ఆ కొండ మీద వదిలి వెళ్ళలేరు. మోసుకెళ్ళాలంటే ఇద్దరూ చేతులు పెనవేసి కుర్చీ కట్టాలి. నాలుగు చేతులూ ఆమెకే సరిపోతాయి, ముక్క మోయడానికి చెయ్యి మిగలదు.

ప్రొఫెసరు కెమెరా తీసి, మొక్కకు ఆనుకుని కూర్చున్న ఆమెను ఒక్క ఫొటో తీశాడు. తర్వాత వంగి డ్రైవరు మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ ఆమెను ఎత్తి వాలు దిగసాగారు. నాలుగు అడుగులకే ప్రొఫెసరు రొప్పడం మొదలుపెట్టాడు.

“ఆ రంపమైనా పారెయ్యండి అత్తయ్యా, బరువు తగ్గుతుంది.”

“ఇది నాతోనే వస్తుంది సారూ.”

“చేతులు ఊడిపోతున్నాయి. మీరు ఆ మొక్క కంటే బరువున్నారు.”

“బరువైతే నన్నే కోసుకోండి” అంది బంకత్తయ్య, రంపాన్ని రెండు చేతులతో ఒళ్ళోకి అదుముకుంటూ. “కానీ నాలుగు మూలలూ సరిగ్గా రాకపోతే మాత్రం నేను ఊరుకోను.”