ముందు దిగి, తర్వాత ఎక్కడానికి

మా కింది ఫ్లాట్ ఆంటీ ఇక లేరు. మూడు వారాల కిందట, ఒక ఆదివారం పొద్దున్నే అంకుల్ ఫోన్ చేసి, "అమ్మా, ఆంటీ లేవట్లేదు" అన్నారు. నిద్రలోనే వెళ్ళిపోయారు. వచ్చే నెల ఆవిడా నేనూ గ్రాండ్ కాన్యన్ లోయ అడుగుదాకా నడిచి, నది ఒడ్డున ఒక రాత్రి ఉండాల్సింది. పర్మిట్ కూడా వచ్చేసింది.

ఆవిడ ఇక్కడే సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైరయ్యారు. ఉద్యోగం మానేశారు గానీ టెస్టింగ్ మానలేదు. ఎడారి ఎండకి ఏ తిండి ఆగుతుందో నెట్‌లో చూద్దామంటే ఒప్పుకోలేదు. పులిహోర, పెరుగన్నం, చపాతీలు డబ్బాల్లో పెట్టి, ఎండలో నిలిపిన కారులో ఉంచారు. మాటిమాటికీ వెళ్ళి మూత తీసి వాసన చూసేవారు. పెరుగన్నం మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. పులిహోర సాయంత్రం దాకా నిలబడింది. దాన్ని తిని చూసే భాగ్యం నాకు దక్కింది. కారంతా ఇంగువ కంపని అంకుల్ వారం రోజులు గొణిగారు.

"బాగుందా అని కాదమ్మా, ఎక్కడ చెడుతుందో చూడాలి" అనేవారు ఆంటీ.

నా జాబ్ పోయి, వీసా ఏమవుతుందోనని గదిలో ముడుచుకు కూర్చున్న రోజుల్లో ఈ ట్రిప్ మొదలుపెట్టింది ఆవిడే. ఓదార్పు మాటలేం చెప్పలేదు. సాయంత్రం మెట్లెక్కుదాం రమ్మన్నారు, అంతే. మళ్ళీ జాబ్ వచ్చేదాకా నన్ను నిలబెట్టింది ఆ మెట్లే.

దగ్గర్లోని అంతస్తుల పార్కింగ్ గ్యారేజే మా కాన్యన్. లిఫ్ట్‌లో పైకెళ్ళి, మెట్ల మీద దిగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. కొండైతే అలిసిపోయాక దిగుతాం, కాన్యన్‌లో అలిసిపోయాకే ఎక్కాలి కదా అని ఆవిడ లెక్క. నడిచి దిగి నడిచి ఎక్కడానికి అంత దూరం పోవాలా అని అంకుల్ నవ్వేవారు. తను కాన్యన్ అంచున హోటల్లో కాఫీ తాగుతూ కూర్చుంటానని ముందే చెప్పేశారు.

ఎండ నిప్పులు చెరిగే చోట నది నీళ్ళు మాత్రం గడ్డకట్టేంత చల్లగా ఉంటాయట. ఎందుకని ఆవిడకి ఒకటే ఆరాటం. నేను ఫోన్ తీస్తే ఆపేశారు. "చెప్పకు. వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తాను." ఎందుకో నేనూ ఇంతవరకు నెట్‌లో చూడలేదు.

కర్మ అయ్యాక, ట్రిప్ క్యాన్సిల్ చేస్తున్నానని అంకుల్‌తో చెప్పాను. ఆవిడ లేకుండా వెళ్ళే ధైర్యం నాకు లేదు. మర్నాడు సాయంత్రం తలుపు తీస్తే ఎదురుగా ఆయన, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి కొత్త హైకింగ్ షూస్. ఆంటీ బదులు తను రావచ్చా అని అడిగారు.

గ్యారేజ్ మెట్లు బాగానే దిగారు. ఎక్కేటప్పుడు సగంలో ఆయాసపడుతూ కూర్చుండిపోయారు. నేనిచ్చిన నీళ్ళు తాగి, పైకి చాలాసేపు చూశారు.

"మీ ఆంటీ రోజూ ఇదంతా ఎక్కేదా?"

"రోజూ ఎక్కేవారంకుల్."

"ఒక్కరోజైనా నేను వచ్చి చూడలేదమ్మా" అన్నారు.

కళ్ళు తుడుచుకుని, రెయిలింగ్ పట్టుకుని లేచారు. నాకంటే ముందు, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కడం మొదలుపెట్టారు.