గాజు దీవిలో ఎంగిలి

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మా గుంటూరులో హైదరాబాదు వెళ్ళొచ్చినవాణ్ణే ఇరుగుపొరుగు కూర్చోబెట్టి కబుర్లు అడిగేవారు. అలాంటిది, నాన్న పనిచేసే పొగాకు కంపెనీ ఆయన్ను ఏడాదిపాటు ఇంగ్లండు పంపుతూ కుటుంబాన్ని కూడా తీసుకువెళ్ళమంది. "సముద్రం దాటితే ఏం పోతుందో నాకు తెలీదు. అక్కడ మీరేం తింటున్నారో తెలీకుండా మాత్రం నేనిక్కడ ఉండలేను" అని నాన్న తల్లి, మా బామ్మ, కారప్పొడి డబ్బాలతో సహా ఓడెక్కేసింది. (ఏడెన్ రేవు దాటాక ఒక డబ్బా మూత ఊడి, మా వరసలోని గదులవాళ్ళందరినీ తుమ్మించింది.)

ఇటలీలో ఓడ దిగాం. రైలుకు ఇంకా ఒక రోజు వ్యవధి ఉందని నాన్న మమ్మల్ని పడవెక్కించి, గాజు సామాను తయారుచేసే దీవికి తీసుకువెళ్ళారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ మధ్యాహ్నం నాకిప్పటికీ సగం కలలాగే ఉంటుంది. నీళ్ళ మీద ఎండ, నీళ్ళలోంచే లేచినట్టున్న ఇళ్ళు, ఎక్కడా దుమ్ము లేదు, బండి చప్పుడు లేదు. అమ్మకు మాత్రం నేల ఇంకా ఓడలాగే ఊగుతోందట, గోడలు పట్టుకుని నడిచింది. కొలిమి ఉన్న షెడ్డులో అడుగుపెట్టగానే వేడి మొహాన కొట్టింది. "దీనికంటే మన పిడుగురాళ్ల సున్నపుబట్టీ నయంరా నాయనా" అంది బామ్మ.

తెల్లమీసాల పెద్దాయన ఒకాయన పొడవాటి ఇనపగొట్టాన్ని కొలిమిలో తిప్పి, దాని కొసన పండుమిరపకాయ రంగులో మెరిసే గాజు ముద్దను పైకి తీశాడు. రెండో కొస నోట పెట్టుకుని ఊదాడు. ముద్ద మెల్లగా, చప్పుడు లేకుండా, లోపలినుంచి వెలుగుతూ ఉబ్బింది. నేను ఊపిరి పీల్చడం మరిచిపోయాను. ఆ గొట్టం ఒక్కసారి నేను ఊదితే చాలు, జన్మలో ఇంకేమీ వద్దనిపించింది. నా మొహం చూసి కనిపెట్టినట్టున్నాడు, ఆయన కొత్త ముద్ద తీసి, బుగ్గలు పూరించి చూపించి, గొట్టం నా వైపు చాచాడు.

"వద్దు!" అంటూ బామ్మ నా రెక్క పట్టి వెనక్కి లాగింది. "పొద్దుట్నుంచీ ఆయన నోట్లో ఉన్న గొట్టం. ఎంగిలి!"

"అమ్మా, పెద్దాయన ఏమన్నా అనుకుంటాడు" అన్నారు నాన్న.

"ఆయనకి తెలుగొస్తేగా అనుకోడానికి."

"పోనీ, కడగమని అడగనా?"

"కాలే ఇనుము మీద నీళ్ళు పోయిస్తావా? బాగానే చదివావురా చదువు!"

నేను ఏడుపు లంకించుకున్నాను. మామూలు ఏడుపు కాదు, గుంటూరులో మా బ్రాడీపేట అంతా వినిపించే రకం. చూస్తూండగానే గాజు ఎరుపు తగ్గిపోతోంది. పెద్దాయన దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి తీసి, ఓపిగ్గా నా వైపు చూశాడు. ఇంకోసారి పెట్టడని నాకెందుకో గట్టిగా అనిపించి, గొంతు ఇంకాస్త పెంచాను.

బామ్మ నన్ను చూసింది, గొట్టాన్ని చూసింది. "ఇలా తే" అని అందుకుని, పైట చెంగుతో కొసను తుడిచి, మళ్ళీ తుడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని తన నోట పెట్టుకుంది. ఏళ్ళ తరబడి పచ్చికట్టెల పొయ్యి ఊదిన ఊపిరి అది. గాజు గుమ్మడికాయంత అయింది. (అలాగని నాన్న అందరికీ చెప్పేవారు. నిజానికి దోసకాయంత.) పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పరాయివాళ్ళ గ్లాసులో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మా బామ్మ.

"ఇప్పుడిది నా ఎంగిలి. నా ఎంగిలి నీకు కొత్తేం కాదుగా. ఊదవే" అంది బామ్మ, గొట్టం నా నోటికి అందిస్తూ.

ఊదాను. బుడగ ఇంకాస్త ఉబ్బిందో, ఓ పక్కకి వంకరపోయిందో! నాకు మాత్రం ఆకాశమంత కనిపించింది.

బామ్మ బయటికొచ్చి, చెంబులో నీళ్ళన్నీ అయిపోయేదాకా నోరు పుక్కిలించింది. ఆ పూట ఏమీ ముట్టనంది. తిరుగు పడవలో నేనేం చేశానో తెలుసా? మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"ముందు నువ్వెందుకు ఊదావు? పెద్దది నువ్వే చేసేశావు. నాకేం మిగిల్చావు?"

"అవునే తల్లీ, తప్పయిపోయింది" అంది బామ్మ, ఖాళీ కడుపుతో, నా తల ఒళ్ళో పెట్టుకుని జోకొడుతూ.

ఆవిడ ఆ గొట్టం నోట పెట్టుకోవడం ఎంత పెద్ద పనో అర్థమయ్యేసరికి ఆవిడ లేదు. ఆ మూతి ముడుచుకున్న పిల్ల ఇప్పుడెక్కడైనా దొరికితే రెండు మొట్టికాయలు వెయ్యాలని ఉంటుంది. కానీ ఎలా? బామ్మ వెయ్యనివ్వదు.