పాగాలో దాచిన గాలం

ఈ రోజు సంస్థానం చెరువులో గాలాల పోటీ జరిగింది. వానాకాలం మొదట్లో వదిలిన చేపపిల్లలు ఇప్పటికి జానెడు దాటాయి. ఎర గుచ్చకూడదు, ఈకలతో పురుగులా కట్టిన గాలమే వేయాలని షరతు. మా ఆయనకు మగ్గం దిగితే చేపలే లోకం. అందుకని నిన్న నేనే కూర్చుని, చీర అంచుకు వాడగా మిగిలిన ఎర్రపట్టు పోగుతో గాలానికి కోడి ఈక చుట్టి, జరీతో ముడి బిగించి ఇచ్చాను.

సాయంత్రం వట్టి చేతులతో వచ్చాడు. పాగా విప్పితే మడతలో నా గాలం కనిపించింది. దానికి చుక్క తడి లేదు. పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చుకున్న పాత ఈకల గాలమే రోజంతా వేశాడట.

నాకు ఒళ్లు మండింది. "ఏందయ్యా, దీన్ని నీళ్లల్ల ఎందుకెయ్యలే?" అన్నాను.

"ఏస్తె చేప కొరుకుతది గదనే. నువ్వు కట్టిందంత ఖరాబైతది."

"కొరకనీకే గద కట్టింది!"

ఆయన గాలాన్ని మళ్లీ పాగా మడతలోనే పెట్టుకున్నాడు.

ఇట్లాంటి మనిషిని ఏమని తిట్టాలో మీరే చెప్పండి. పోటీ రేపు కూడా ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఇంకో గాలం కడుతున్నాను. ఇది మాత్రం చేపలకు.