గోడవైపు వెచ్చదనం

పత్తి కుప్పలోకి చెయ్యి దూర్చి చూసేవాళ్ళు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు. కోటిరత్నం చూస్తే మాత్రం కుప్పే నోరు విప్పి చెబుతుందంటారు. మోచేయి దాటేదాకా తోసి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే నిలబడిపోతుంది, నిద్రపోతున్న బిడ్డ వీపు మీద చెయ్యి వేసినట్టు. తేమతో ఇంటికి వచ్చిన పత్తి లోపల్లోపల కాగుతుంది. పైకి మాత్రం చల్లగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ తెలుపు కింద దాక్కున్న వేడిని కోటిరత్నం వేళ్ళు వెతికి పట్టుకుంటాయి. అందుకే బేరగాడు రాకముందు ఒకసారి ఆవిణ్ణి పిలిచి కుప్ప చూపించుకోవడం చుట్టుపక్కల ఇళ్ళకు అలవాటైంది.

నల్లపాడు దాటి కొంత దూరం వెళ్తే వస్తుంది ఆ ఊరు. చుట్టూ నల్లరేగడి. వాన పడితే కాలిని వదలదు, ఎండ కాస్తే నోరు తెరుస్తుంది. ఆ నేల మీదికి కోడలిగా వచ్చిన కొత్తలో కోటిరత్నానికి పత్తి అంటే దూది అనే తెలుసు. తీత నేర్చుకుంది, కాయ విచ్చిన తీరు చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పడం నేర్చుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆగడం నేర్చుకుంది. మంచు ఆరకుండా కూలీలను చేలో అడుగు పెట్టనివ్వదు. గట్టు మీద కూర్చోబెడుతుంది.

"రత్నమ్మక్కకి సూర్యుడు కబురు పెట్టాలి, అప్పుడు గానీ మనకి పని మొదలుకాదు," అని కొండమ్మ నవ్వేది. కొండమ్మ కూలికి వస్తూనే కాస్త చేను కౌలుకు చేసుకుంటుంది. తన ఇంటి కుప్ప కూడా ఏటా కోటిరత్నం చేతితోనే చూపించుకుంటుంది.

ఈ ఏడు ధర లేవలేదు. భర్త వీరాంజనేయులు పత్తి నిలవ పెడదామన్నాడు. ముందుగదిలో మంచం, బల్ల బయటికి వచ్చాయి. పత్తి లోపలికి వెళ్ళింది. నాలుగు గోడలకూ ఆనుకుని అటక దాకా పెరిగింది. మబ్బును తెచ్చి గదిలో కుక్కి తలుపు వేసినట్టుంది. మనుషులు వసారాలోకి మారారు.

ఆ కుప్ప వెనక ఎక్కడో స్విచ్‌బోర్డు ఉండిపోయింది. అత్త సుబ్బరావమ్మకు మోకాళ్ళ నొప్పులు. చలికాలం వేడినీళ్ళు లేకపోతే లేవలేదు. పోయినేడు వీరాంజనేయులు గుంటూరు నుంచి నీళ్ళు కాచే హీటర్ రాడ్ తెచ్చాడు. మూడు పిన్నుల ప్లగ్గు ముందుగదిలోనే ఉంది కాబట్టి, పత్తి నింపేముందే దానికి పొడుగు వైరు తగిలించి, స్విచ్చి వేసే ఉంచి, వైరు రెండో కొసను కిటికీలోంచి వసారాలోకి లాగాడు. పొద్దున్నే రాడ్‌ను ఆ కొసకు తగిలిస్తే చాలు, పెరట్లో బక్కెట్టులో నీళ్ళు కాగుతాయి.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున కోటిరత్నం అలవాటుగా కుప్పలోకి చెయ్యి తోసింది. గోడవైపు వెచ్చగా తగిలింది.

"కాగుతోంది," అంది.

"మంచు ఆరకుండా తీయించావేమో," అన్నాడు వీరాంజనేయులు.

మాట చిన్నదే. ముల్లు కూడా చిన్నదే. కోటిరత్నం ఆ వైపు పత్తిని అందినంత లోతు తీసి, గోనెల్లో డాబా మీదికి మోయించి, ఎండలో పరిచింది. పొద్దు వాలేదాకా తిరగేసింది. పెళుసుగా ఆరాక మళ్ళీ తెచ్చి నింపింది. రెండు రోజులు గడిచాక చూస్తే అక్కడే, అదే చోట, అదే వెచ్చదనం.

ఊళ్ళో మాటలకు రెక్కలు అక్కర్లేదు. రత్నమ్మ ఇంట్లోనే పత్తి కాగుతోందట, ఇంక ఆవిడ మనకేం చూస్తుంది, అనుకున్నారు. కొండమ్మ ఇంటికి బేరగాడు వచ్చాడు. కుప్ప చూడమని ఈసారి కొండమ్మ కబురు పెట్టలేదు. దారిలో ఎదురుపడితే పక్కకు చూసింది. ఆ సాయంత్రం కోటిరత్నం వసారాలో కూర్చుని తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళు నిజం చెప్పిన చెయ్యి. ఇప్పుడది తప్పు చెబుతోందా, తనే సరిగా వినడం లేదా? పత్తి పోతే ఏడాది పోతుంది. చేతి మీద నమ్మకం పోతే ఏం మిగులుతుందో ఆవిడకు తెలియలేదు.

మర్నాడు లైను బాగుచేస్తున్నారని పొద్దున్నే కరెంటు తీశారు. పెరట్లో పొయ్యి వెలిగించి, పత్తికట్టె ఎగదోసి నీళ్ళు కాచింది. తరవాత కుప్పలోకి చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. గోడవైపు కూడా బావి గట్టులా చల్లగా ఉంది.

ఆ తరవాతి పొద్దున కరెంటు ఉంది. రాడ్ పెట్టారు. కాసేపాగి చూస్తే మళ్ళీ వెచ్చన.

కోటిరత్నం చెయ్యి అలాగే ఉంచి ఆలోచించింది. తేమ సెలవు తీసుకోదు. కరెంటు ఉన్న రోజు కాగి, లేని రోజు చల్లబడే తేమ ఎక్కడా లేదు. పత్తి నింపకముందు బోర్డు మీద చూసిన గోధుమరంగు మరక గుర్తొచ్చింది. పైన దేవుడి పటం ఉంది కదా, అగరొత్తుల పొగ అనుకుని తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాటికి మరక మళ్ళీ వచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు చెవి పెట్టి వింటే కుప్ప అవతల సన్నగా, ఆవాలు వేగుతున్నట్టు, చిటచిట.

మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని వసారాలోకి వచ్చింది.

"ఏమయ్యా, ముందు మెయిన్ కట్టెయ్."

"నీళ్ళు ఇంకా కాగలా."

"నీళ్ళ సంగతి తరవాత. చెప్పులేసుకో, చేతులు తుడుచుకో, మెయిన్ కట్టెయ్."

ఆ గొంతు విని వీరాంజనేయులు లేచాడు. మీటరు పక్కన మెయిన్ కిందికి దించాడు. వసారాలో ఫ్యాను తిరగడం నెమ్మదించి ఆగింది. అప్పుడు ఇద్దరూ కలిసి గోడవైపు పత్తిని లాగడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్ళేకొద్దీ దువ్వెన కాలిన వాసన. చివరి పొర పక్కకు జరిగేసరికి బోర్డు కనిపించింది. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్కు కరిగి జారింది. దానికి ఆనుకున్న పత్తి పాత పసుపుగుడ్డలా రంగు మారింది.

వీరాంజనేయులు ప్లగ్గు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకు. కరెంటు లేకపోయినా అది నిప్పే. చల్లారనీ."

గుమ్మంలోంచి సుబ్బరావమ్మ తొంగిచూసింది. "ఒక చెంబు నీళ్ళు కొట్టండ్రా."

"బోర్డు మీద నీళ్ళేంటత్తా. ఆ చెంబు పెరట్లో పెట్టు, పనుంది."

గెడకర్రతో ఆ రంగు మారిన పత్తిని బోర్డు నుంచి విడదీసి, రేకు బుట్టలోకి తోసి, పెరట్లోకి తీసుకెళ్ళి నేల మీద పరిచింది. పత్తిలో నిప్పు పొగ లేకుండా నిద్రపోతుందని ఆవిడకు తెలుసు. ముద్ద విప్పితే నడుమ ఒక్కచోట ఎర్రటి చుక్క కళ్ళు తెరిచింది. చెంబుడు నీళ్ళు దాని మీద పోసింది. చుస్సుమని చిన్న చప్పుడు. ముగ్గురూ ఆ చప్పుడు విన్నారు. తరవాత కోటిరత్నం గదిలోకి వెళ్ళి, మిగిలిన పత్తిని గుప్పెడు గుప్పెడుగా విప్పి వాసన చూసింది.

సెంటర్లో మోటార్లు బాగుచేసే అబ్దుల్ ఖాదర్ వచ్చాడు. మెయిన్ కట్టేసి ఉన్నా టెస్టరు పెట్టి చూసుకున్నాకే బోర్డు విప్పాడు. లోపల మర వదులై ఉంది. వైరు తొడుగు మాడి, వేలితో తాకితే పొడిగా రాలింది.

"ఇది చిన్న ప్లగ్గు బాబాయ్. ఫోనుకీ టీవీకీ సరే గానీ, రాడ్ దీనికి మోయలేని బరువు. మర వదులైతే ఇంకా కాగుద్ది. కాగేకొద్దీ ఇంకా వదులైద్ది."

"మరి ఫ్యూజు పోవాలిగా?"

"మర వదులైన సంగతి ఫ్యూజుకి తెలవదు. దానికి తెలిసిందల్లా కరెంటు ఎంత పోతందనే." ఖాదర్ ఫ్యూజు లాగి వెలుతురులో పట్టుకున్నాడు. "అయినా ఇందులో బైండింగు వైరు చుట్టింది ఎవరు? ఇల్లు మాడినా ఇది పోదు."

"ఎవరో ఎందుకు, నా కొడుకే," అంది సుబ్బరావమ్మ. "మాటిమాటికీ పోతందని గట్టి చేశాడు. వాడి తెలివంతా ఫ్యూజులోనే ఉండిపోయింది."

వీరాంజనేయులు గోడ వంక చూస్తూ నవ్వాడు.

పైపైన కొత్త ప్లగ్గు బిగించి ఊరుకుందామని వీరాంజనేయులు అంటే ఖాదర్ ఒప్పుకోలేదు. మాడిన వైరు తీసేశాడు. పొడుగు వైరు, రాడ్ ప్లగ్గు కూడా పక్కన పెట్టించాడు. మాడిన పిన్నులు కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తాయన్నాడు. వంటగది గోడకు మీటరు నుంచి వేరే లావు రాగివైరు లాగి, పెద్ద ప్లగ్గు, దానికి తగిన బ్రేకరు పెడతానని, సామాను తేవడానికి వెళ్ళాడు.

మర్నాడు కోటిరత్నం లేచేసరికి పెరట్లో పొయ్యి వెలుగుతోంది. వీరాంజనేయులు గొంతుక్కూర్చుని పత్తికట్టె విరిచి ఎగదోస్తున్నాడు. పొగకు కళ్ళు నలుపుకుంటున్నాడు.

"తేమ కాదుగా," అన్నాడు, మంట వైపు చూస్తూనే.

"కాదు."

"నిన్న సెంటర్లో అందరికీ చెప్పాన్లే. మా రత్నం చెయ్యి సరిగ్గానే చెప్పింది, నేనే గోడలో పొయ్యి పెట్టానని."

ఆవిడ పక్కన కూర్చుని రెండు కట్టెలు అందించింది.

ఎండ ముదిరాక కొండమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది. "రత్నమ్మక్కా, ఆ బేరం కుదరలా. రేపు ఇంకొకాయన వస్తాడంట. ఒకసారి వచ్చి చూసిపోతావా?"

"ఇన్నాళ్ళకి దారి కనిపించిందా?"

"కనిపించింది. నడవడానికే కాళ్ళు రాలా."

కోటిరత్నం నవ్వి లేచింది. కొండమ్మ ఇంట్లో కూడా పత్తి గోడ దాకా ఉంది. కోటిరత్నం వెంటనే చెయ్యి పెట్టలేదు. గది నలువైపులా చూసింది.

"మీ బోర్డు ఎక్కడే?"

కొండమ్మ కుప్ప వెనక్కి చూపించింది.

"ముందు అది బయటపడనీ. మనిషి నడిచేంత దారి ఉంచి పత్తి ఇటు లాగు. ఊపిరాడనీ దాన్ని."

ఇద్దరూ కలిసి లాగారు. తెల్లటి కుప్పకూ గోడకూ మధ్య సన్నటి దారి తెరుచుకుంది. కిటికీ వెలుతురు అందులోకి దిగింది. బోర్డు తెల్లగా, మరక లేకుండా కనిపించింది. చేతి వెనక వైపుతో దాని పక్క గోడను తాకి చూసింది కోటిరత్నం. చల్లగా ఉంది.

అప్పుడు గాజులు పైకి తోసుకుని, మోచేయి దాటేదాకా పత్తిలోకి చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుంది. కొండమ్మ పక్కనే ఎదురుచూస్తూ నిలబడింది.