అన్నదమ్ముల అలారాలు

అందరూ సైరన్ బాబాయ్ అంటారతన్ని. ఇళ్లకి దొంగల అలారాలు బిగిస్తాడు, అవి ఊరికే మొత్తుకుంటే వెళ్లి నోరు మూయిస్తాడు. నిచ్చెన ఎక్కితే మోకాళ్ల నొప్పి, దిగితే నడుం నొప్పి. "ఇక చాల్లేవే, నా వల్ల కాదు" అని రోజూ పెళ్లాంతో అంటాడు, అంటూనే సంచీ భుజానేసుకుంటాడు.

ఆవేళ మళ్లీ ఆ అన్నదమ్ముల దగ్గర్నుంచే ఫోను. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, మనుషుల మధ్య మాటల్లేవు. ఇద్దరూ ఒకే రకం అలారం పెట్టె కొని, రెండిటికీ కంపెనీ ఇచ్చిన ఒకే కోడ్‌తో వాడేస్తున్నారు. ఇంకేముంది! అన్న తలుపు తీస్తే తమ్ముడింట్లో సైరన్. తమ్ముడు కిటికీ తెరిస్తే అన్న గుండె గుభేల్.

"ఒకరి కోడ్ మారిస్తే సరిపోతుంది. ఎవరిది మార్చను?" అనడిగాడు సైరన్ బాబాయ్.

"వాడిదే మార్చు. నేనెందుకు తగ్గాలి?" అన్నాడు అన్న. గోడకవతల తమ్ముడిదీ అదే పాట.

ఖర్మరా బాబూ! వాదించే ఓపిక ఎక్కడిది? అన్నతో "మీ తమ్ముడిది మారుస్తున్నా" అన్నాడు, తమ్ముడితో "మీ అన్నది మారుస్తున్నా" అన్నాడు, రెండూ మార్చి పారేశాడు. ఇద్దరూ మీసాలు మెలేశారు.

మిగిలింది అన్న ఇంటి వెనక గదిలో ఉండే వాళ్లమ్మ. ఎక్కడైనా పడితే నొక్కమని ఆవిడ మెడలో ఓ బటన్ వేశాడు పెద్దకొడుకు.

"అమ్మా, ఇది ఇకమీదట మీ పెద్దబ్బాయి ఇంట్లోనే మోగుతుంది. పక్కింటికి వినపడదు."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయితే చిన్నాడు రాడా?"

"ఎందుకొస్తాడమ్మా?"

"ఇన్నాళ్లూ నొక్కితే ఇద్దరూ పరిగెత్తుకొచ్చేవాళ్లు నాయనా. తిట్టుకుంటూనే అనుకో. వాళ్లిద్దర్నీ ఒక్కచోట చూసేది అప్పుడే. దానికోసం ఊరికే కూడా నొక్కేదాన్ని."

ఈ ముసలావిడ కూడా నా ప్రాణానికే దొరికిందా అని ముందు విసుక్కున్నాడు. తర్వాత సంచీ మళ్లీ విప్పాడు. ఒక ఇంటి అలారం పక్కింట్లో మోగిందంటే అతని పనితనం మంటగలిసినట్టే. అయినా ఈసురోమంటూ మళ్లీ నిచ్చెనెక్కి, ఆ ఒక్క బటన్నీ రెండు పెట్టెలూ గుర్తుపట్టేలా చేశాడు.

"ఏదీ, ఒకసారి నొక్కండమ్మా."

రెండిళ్లూ ఒక్కసారే అరిచాయి. అన్నదమ్ములు ఉరుక్కుంటూ వచ్చారు.

"ఏమయ్యా, ఇంకా కలిసే మోగుతున్నాయే!" అన్నాడు అన్న.

"చేతకాకపోతే చెప్పొచ్చుగా!" అన్నాడు తమ్ముడు.

"తలుపులూ కిటికీలూ బాగుపడ్డాయి బాబూ. ఈ బటనే నా చేతకాలేదు" అని సంచీ సర్దుకున్నాడు సైరన్ బాబాయ్.

గుమ్మంలో పక్కపక్కన నిలబడ్డ కొడుకుల్ని వాళ్లమ్మ కళ్లారా చూసుకుంటోంది.