బంగారు రేకు లేని తల్లి

1979లో అమెరికాలో ట్రాయ్ అనే ఊరి దగ్గర ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరాను. వీసా నా ఒక్కదానికే వచ్చింది. ఎనిమిది నెలల పాప గుంటూరులో మావారి దగ్గర ఉండిపోయింది. వచ్చిన కొత్తలో పాలు పొంగి యూనిఫామ్ తడిసిపోయేది. డ్యూటీ మధ్యలో బాత్‌రూమ్‌లోకి వెళ్లి పిండేసుకుని, మొహం కడుక్కుని మళ్లీ వార్డులోకి వచ్చేదాన్ని.

సెలవు రోజున గదిలో ఉండలేక బస్సెక్కి మ్యూజియంకి పోయేదాన్ని. లోపల వెచ్చగా ఉంటుందనే తప్ప, బొమ్మల గురించి నాకేం తెలుసు? మా ఊరి మిషన్ చర్చి గోడల మీద వెల్లసున్నం తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒక శనివారం ఇటలీ చిత్రాలున్న గదుల్లోకి వెళ్లాను. మొదటి గదిలో మరియమ్మ వెనకంతా బంగారు రేకు. పొడుగు ముక్కు, ఎవరినీ చూడని కళ్లు. ఒళ్లో బాలయేసు పసివాడిలా లేడు, కుదించిన పెద్దమనిషిలా ఉన్నాడు. రెండో గదిలో, ఆ తర్వాత నూరేళ్లకు గీసిన మరియమ్మ ముందు ఆగిపోయాను. అక్కడ బంగారం లేదు. వెనక కిటికీ, అందులోంచి కొండల దాకా పోతూ పోతూ సన్నబడిపోయే బాట. పక్కనుంచి పడే వెలుతురులో, నిద్ర చాలని కళ్లతో ఒక పడుచుపిల్ల. ఆమె వేళ్లు బిడ్డ తొడలోకి దిగి, చుట్టూ కండ మెత్తగా ఉబ్బింది. పాపని ఎత్తుకునే నా కుడిచెయ్యి లాగడం మొదలైంది.

వచ్చినవాళ్లకు చిత్రాల గురించి చెప్పే వాలంటీరు, తెల్లజుట్టు పెద్దావిడ, పక్కన నిలబడి నచ్చిందా అని అడిగింది.

“ఈ పిల్లాడు ఇప్పుడో ఇంకాసేపటికో జారిపోతాడండీ. నడుం వెనక్కి విరుస్తున్నాడు. ఆమెకి తెలుసు, అందుకే బొటనవేలు నొక్కిపట్టింది.”

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. “ఇన్నేళ్లుగా ఈ బొమ్మ చూపిస్తున్నాను. ఈ మాట ఎవరూ అనలేదు. మీకు పిల్లలున్నారా?”

“నర్సునండీ,” అన్నాను. మళ్లీ నేనే, “ఒక పాప. ఇండియాలో ఉంది.”

ఆవిడ అయ్యో అనలేదు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పింది. ఆ కాలపు చిత్రకారుల్లో కొందరు శవాలను కోసి కండరాలు ఎలా కదులుతాయో చూశారట. దూరాన్ని లెక్కగట్టి గీతలు గీశారట. నూనెరంగును పల్చగా పొర మీద పొర వేసి చర్మానికి లోపలి వెచ్చదనం తెచ్చారట. “అంతకుముందువాళ్లు పూజించడానికి తల్లిని గీశారు. వీళ్లు ఆమె చెయ్యి ఎంత బరువు మోస్తోందో చూశారు,” అంది. రెండేళ్లపాటు, సెలవు దొరికిన ప్రతి శనివారం ఆ గదికి వెళ్లాను. పాప నడిచిందని మావారు రాసిన ఉత్తరం కూడా ఆ బెంచీ మీదే చదువుకున్నాను.

1981 చివర్లో వాళ్లిద్దరూ వచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో పాప వాళ్ల నాన్న ప్యాంటు పట్టుకుని వెనక దాక్కుంది. ఆదివారాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మా తెలుగువాళ్లం ఆరాధన పెట్టుకునేవాళ్లం. అక్కడి పిల్లలందరూ నన్ను ఆంటీ అనేవారు. మూడోవారం మా పాప కూడా పరిగెత్తుకొచ్చి, “ఆంటీ, మంచినీళ్లు,” అంది.

గ్లాసు నింపి ఇచ్చాను. మావారు చూపు తిప్పుకున్నారు. కార్‌లో, “దానికి కొంచెం టైమ్ ఇవ్వు,” అన్నారు.

జనవరిలో పాపని ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తలెత్తి చాలాసేపు చూసింది.

“ఆ బాబు ఎందుకు ఏడవట్లేదు?”

“వాళ్లమ్మ ఎత్తుకుంది కదా.”

“నన్ను ఎత్తుకున్నావా నువ్వు?”

“ఎత్తుకున్నాను. నువ్వు చాలా చిన్నదానివి అప్పుడు.”

నమ్మినట్టు లేదు. కానీ బయటికొచ్చాక మంచులో నడవలేక చేతులు చాచింది. నైలాన్ కోటులో జారిపోతున్న మూడేళ్ల పిల్లని ఎలా పట్టుకోవాలో నాకు చేతకాలేదు. రెండుసార్లు ఆగి సర్దుకుంటూ కార్ దాకా మోశాను.

అమ్మా అని ఎప్పుడు పిలిచిందో గుర్తులేదు. వసంతం వచ్చేసరికి పిలుస్తూనే ఉంది. ఇప్పుడు తనకీ బిడ్డ. ఆ బిడ్డ మొదటిసారి పాకినప్పుడు అందరూ నవ్వారు. నా కూతురు ఎలా పాకిందో తెలియక, నేను నేల మీద కూర్చుని అటే చూస్తూ ఉండిపోయాను.