ఎర్రదారం కట్టిన బంతిపువ్వు

జమ్మలమడుగు ఓబుళమ్మ పెరట్లో తొలి ముద్దబంతి విచ్చిందంటే దానికి ఎర్రదారం కట్టేస్తుంది. ఇంక ఆ పువ్వు దేవుడికీ లేదు, పెండ్లికూతురికీ లేదు. చెట్టు మీదనే ఎండాలి. ఎండినాక అరచేతుల్లో నలిపి, ఊది, బూడిద కలిపి, పాత చీర కొంగులో మూటగట్టి వంటింటి దూలానికి వేలాడదీస్తుంది. మైదుకూరు పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చి ఇంకా మిగిలింది ఆ విత్తనం ఒక్కటే.

ఆంధ్రకు కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి మాట. ఏరువాక పున్నమికి ఇల్లు దులుపుతూ కొత్తకోడలు నాగవేణి మసిబట్టిన ఆ చీరను గూడా బండమీదేసి ఉతికేసింది. విత్తేదానికని చెయ్యెత్తిన ఓబుళమ్మకు ఉత్త దూలం తగిలింది. "మూట యాడుందే?" "చెత్తనుకొని జాడించేసినా అత్తా," అంది కోడలు ఏడుపు గొంతుతో. ఓబుళమ్మ తిట్టలేదు. ఆ పొద్దు నుంచి వంటింటి గడప తొక్కలేదు, అంతే. మరుసటి వారం బండకింద నీళ్లు పారే కాలవ పొడుగునా ఏవో మొలకలు లేచినాయి. ఆమె గొంతుక్కూర్చుని ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది. బంతే! "ఏమ్మే, ఇట్ల రా!" నాగవేణి బెదురుతూ వచ్చి నిలబడింది. "నేను మడిగట్టి చల్లినా ఇంత ఒత్తుగా ఎప్పుడూ మొలవల్యా. వచ్చే ఏడు గూడా నువ్వే ఉతుకు."